ఐదు లీటర్ల డబ్బా

బాలవ్వ బతుకులో సగం ఒంటేలు ఆపుకోవడంలోనే గడిచిపోయింది. వింటే నవ్వొస్తుంది గానీ, సూరత్ ఊళ్లో ఉధ్నా పేటలోని మరమగ్గాల కార్ఖానాల్లో పనిచేసిన ఏ ఆడమనిషిని అడిగినా ఇదే చెబుతుంది. మగ్గాలు నడిపే మగవాళ్లు బోలెడంత మంది, బాబిన్లకు దారం చుట్టే ఆడవాళ్లు నలుగురైదుగురు, అందరికీ కలిపి గొళ్లెం పడని పాయఖానా ఒక్కటి. దానికి పోవాలంటే మగ్గాల సందులోంచి, అంత మంది కళ్ల ముందు నుంచి నడిచి పోవాలి. అంతకంటే నీళ్లు తాగకపోవడమే నయమని కొత్తగా వచ్చిన పిల్లకు పాతవాళ్లు మొదటి రోజే నేర్పేవారు. పొద్దున ఇంట్లో చాయ్ తాగితే మళ్లీ ఇల్లు చేరాకే నీళ్లు. నడుమ గొంతు ఎండితే నోట్లో ఒక వక్కపలుకు. పొత్తికడుపులో నొప్పి లేస్తే కాళ్లు ముడుచుకుని కూర్చోవడం. మంట పుట్టిన రోజుల్లో సబ్జా గింజలు నానబెట్టుకుని తాగితే తగ్గేది, కొన్నాళ్లకు మళ్లీ వచ్చేది. అదొక రోగమని ఎవరూ అనుకోలేదు. ఆడపుటక అంతే అనుకున్నారు.

అలాంటి బాలవ్వ చేతికి, అరవై దగ్గర పడుతున్న వయసులో, సూరత్‌లోని ఒక పెద్ద దవాఖానాలో తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. ఐదు లీటర్ల డబ్బా. ఒక పగలూ ఒక రాత్రీ వచ్చిన మూత్రమంతా చుక్క కింద పడకుండా అందులో పట్టి తేవాలన్నారు. ఆమె కొడుకు బతుకంతా ఆ డబ్బా మీదే ఆధారపడి ఉంది మరి.

కొడుకు పేరు శివకృష్ణ. పెనిమిటి నర్సింగం సిరిసిల్ల నుంచి వచ్చి, ఈ ఊళ్లోనే మగ్గాలు నడిపి, ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన వదిలిన పనిలోకే కొడుకు దిగాడు. మగ్గాల వరుస మొత్తాన్ని ఒక్కడే చూసుకోవాలి. దారం తెగితే మగ్గం ఆగిపోతుంది, ఆగిన మగ్గానికి కూలి లేదు. మగవాళ్లకు పాయఖానాకు పోవడానికి సిగ్గు లేకపోయినా తీరిక లేదు. వాళ్లూ నీళ్లు తగ్గించుకుని, చెంపలో పొగాకు, వక్క కలిపిన మావా పెట్టుకుని నములుతూ దాహం మరిచిపోయేవారు. మగ్గాల మోతకు తలనొప్పి లేస్తే గేటు ముందర పాన్ కొట్టులో నొప్పి గోలీ దొరుకుతుంది. శివకృష్ణ పెళ్లికి ముందు నుంచే రోజూ ఆ గోలీ వేసుకునేవాడు. అందరూ వేసుకునేదే, బాలవ్వ కూడా.

పోయిన ఏడు ఎండాకాలంలో అతని మొహం నిండింది. పొద్దున లేచేసరికి చెంపలు బూరెల్లా ఉండేవి. బాలవ్వకు ఎంత సంతోషమో. కట్టెలా ఉండే పిల్లాడు ఇన్నాళ్లకు ఒళ్లు చేశాడని, కోడలు ప్రసన్న చేతి వంట ఒంటికి పట్టిందని ఇరుగుపొరుగు అందరికీ చెప్పుకుంది. ఎవరి కళ్లైనా పడతాయేమోనని దిష్టి కూడా తీసింది. తర్వాత కాళ్లకు చెప్పులు పట్టలేదు. ఆ తర్వాత మెట్లెక్కితే ఆయాసం, అన్నం చూస్తే వాంతి. ఒకరోజు మగ్గం మీదికే ఒరిగిపోతే తోటివాళ్లు ఆటోలో వేసుకుని దవాఖానాకు తెచ్చారు.

రెండు మూత్రపిండాలూ పోయాయని డాక్టరమ్మ చెబితే బాలవ్వ నమ్మలేదు. ఆ డాక్టరమ్మ గుజరాతీ ఆవిడ, హిందీలో నెమ్మదిగా మాట్లాడేది. బాలవ్వ కార్ఖానా హిందీతో నెట్టుకొచ్చేది. ఒంటేలు బాగానే వస్తోంది కదా, మరి అవి పాడైపోవడం ఏమిటని వాదనకు దిగింది. అప్పుడు డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి అంతా చెప్పింది. వెన్నుకు అటొకటి ఇటొకటి, పక్కటెముకల చాటున, పిడికిలంత ఉంటాయట. ఒంట్లో నెత్తురంతా రోజూ మళ్లీ మళ్లీ వాటిలోంచి పోయి రావాలట. ఒక్కోదానిలో కంటికి కనపడని జల్లెళ్లు లక్షల్లో ఉంటాయట. నెత్తురు రాగానే అందులోని నీళ్లు, ఉప్పు, చక్కెర, మురికి అన్నిటినీ ముందు బయటికి దించేసి, తర్వాత కావలసినవి మళ్లీ నెత్తుట్లోకి తీసుకుంటాయట. దసరాకు సున్నం వేసేటప్పుడు ఇంట్లో సామానంతా వాకిట్లోకి తెచ్చి, పనికొచ్చేవి మళ్లీ లోపల సర్ది, చెత్తను బయటే వదిలేస్తాం కదా, అట్లా అని బాలవ్వ మనసులో పోల్చుకుంది. ఆ వదిలేసిన చెత్త కాసిన్ని నీళ్లతో కలిసి, రెండు సన్నటి గొట్టాల్లో చుక్కచుక్కగా దిగి కింద సంచిలో చేరుతుంది. సంచి కాస్త నిండగానే కబురు పెడుతుంది. మనిషి ఆపుకునేది ఆ సంచి దగ్గర, అసలు పని జరిగేది పైన. శివకృష్ణకు నీళ్లయితే దిగుతున్నాయి గానీ చెత్త దిగడం లేదు, అది నెత్తుట్లోనే నిలిచిపోతోంది. పాడైన జల్లెడ మళ్లీ పుట్టదు. చివరిదాకా నొప్పీ పెట్టదు.

నొప్పి లేకపోతే మరి మనిషికి ఎట్లా తెలియాలని బాలవ్వ అడిగింది. తెలియదు, అందుకే అందరూ ఇంత ఆలస్యంగా వస్తారంది డాక్టరమ్మ.

అప్పటి నుంచి వారానికి రెండుసార్లు మిషన్. చేతి నరంలోంచి నెత్తురు బయటికి లాగి, కడిగి, మళ్లీ లోపలికి పంపే మిషన్ అది. దాని మీంచి లేచిన రోజు శివకృష్ణ పిండి ఆరేసిన గుడ్డలా ఉండేవాడు. నానాటికీ మూత్రం తగ్గి, చివరికి రావడమే మానేసింది. తాగిన నీళ్లకు పోయే దారి లేదు కాబట్టి ప్రసన్న రోజుకింతని చిన్న గ్లాసుతో కొలిచి పోసేది. ఆ ఎండల్లో అతను నాలుక మీద మంచుముక్క పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఎవరితోనూ మాటల్లేవు. ఒకరోజు మిషన్‌కు బయలుదేరమంటే లేవనే లేదు.

"నన్ను ఇడిసిపెట్టుండ్రి అవ్వా. ఇది బతుకుడు గాదు" అన్నాడు.

ఎట్లాగో బతిమాలి పంపించి, బాలవ్వ తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి పోయింది. నా మూత్రపిండం తీసి వాడికి పెట్టమని అడిగింది. ప్రసన్న అంతకు ముందే ఇస్తానంది గానీ ఆమె రక్తం గ్రూపు కలవలేదు. బాలవ్వది కలిసింది. ఒక్కటి ఉన్నా మనిషి బతకొచ్చని, రెండోది ఇవ్వొచ్చని విన్నప్పుడు, దేవుడు రెండు పెట్టింది ఇందుకేనేమో అనిపించింది ఆమెకు. అయితే రక్త పరీక్షలో లెక్క సరిగ్గా అంచు మీద ఉంది. బాగున్నాయనడానికి లేదు, బాగాలేవనడానికీ లేదు. నిజంగా ఎంత పనిచేస్తున్నాయో తేలాలంటే ఒక రోజు మూత్రం మొత్తం కావాలి. ఆ డబ్బా అందుకు.

డిండోలిలో వాళ్లుండేది వరుస గదుల చాలీ. పాయఖానాలు వరుస చివర ఉంటాయి. బాలవ్వ కొంగు చాటున డబ్బా పట్టుకుని పోతుంటే ఎదురింటి సదానందం చూశాడు. నర్సింగంతో కలిసి మగ్గాలు నడిపినవాడు, నోరు ఊరుకోదు.

"ఏంది వదినె, పాలు పోయనీకి పోతున్నవా?"

"ఔ. నీ చాయ్‌లకు జర పొయ్యమంటవా?" అంది బాలవ్వ.

పొద్దున మొదటిసారి వచ్చినదాన్ని పారబోసి, అక్కడి నుంచి మర్నాటి పొద్దున దాకా పట్టాలని దవాఖానాలో చెప్పారు. పారబోసినప్పుడే ఆమె ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నానికి డబ్బా అడుగున కాసింత, కషాయం రంగులో కనిపించింది. ఇన్నేళ్ల అలవాటుకు ఆమెకు దాహమన్నదే వేయదు. చెంబు తరవాత చెంబు నీళ్లు బలవంతాన తాగింది. తాగినవి సగం వాంతి చేసుకుంది. పొద్దుగూకేసరికి కూడా డబ్బా అడుగు దాటి పెద్దగా పైకి రాలేదు.

ఇక్కడే బాలవ్వ పొరపాటు పడింది. ఎవరికైనా అదే డబ్బా ఇస్తారని, అంత పెద్దదాన్ని ఎవరూ నింపరని, నింపనక్కర్లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అదీ చెప్పాల్సిన మాటేనని వాళ్లకు తోచి ఉండదు. ఆమెకు తెలిసిన కొలత ఒక్కటే, కార్ఖానా కొలత. మగ్గం మీంచి దిగిన బట్ట చుట్టను తాకా అంటారు. తాకా ఇన్ని మీటర్లు ఉండాలని సేఠ్ లెక్క ఒకటి ఉంటుంది. ఒక్క మీటరు తగ్గినా, నేత ఎంత బాగున్నా, అది తిరిగొస్తుంది. అందుకని తాకా తగ్గినవాడు పక్క మగ్గం మీద నేసిన అదే రకం ముక్కను తెచ్చి, లోపలి మడతల్లో జొనిపి చుట్టేస్తాడు. నర్సింగం చేసేవాడు, అందరూ చేసేవారు, సేఠ్ గుమాస్తాకూ తెలిసిన సంగతే. డబ్బా నిండకపోతే తన కిడ్నీ కూడా అట్లాగే తిరిగొస్తుందని బాలవ్వ అనుకుంది.

ప్రసన్న పొయ్యి దగ్గర ఉంటే పోయి పక్కన కూర్చుంది.

"బిడ్డా, నీది జర ఇండ్ల పొయ్యి" అంది.

ప్రసన్నకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గరిటె పక్కన పెట్టింది.

"అట్ల చేస్తరా అత్తమ్మా? తెలుస్తది వాళ్లకు."

"ఏం తెలుస్తది? ఒంటేలు మీద పేరు రాసుంటదా?"

"నా రక్తమే కలువలేదు గద."

"ఇది రక్తమా?"

ప్రసన్న సూరత్‌లోనే పుట్టి పెరిగింది, పదో తరగతి దాకా చదివింది. ఇది తప్పని ఆమెకు తెలుసు. కానీ గోడ వైపు తిరిగి పడుకున్న మొగుడి వీపు చూసింది, డబ్బా చూసింది. డబ్బా అందుకుని బయటికి నడిచింది. మర్నాటి పొద్దుటికి అత్తాకోడళ్లది కలిసి డబ్బాలో సగం దాకా వచ్చింది. పోనీలే, సగమన్నా అయిందనుకుని బాలవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది.

రిపోర్టు చక్కగా వచ్చింది. ఈ వయసుకు ఇంత బాగా పనిచేస్తున్నాయా అని డాక్టరమ్మే అంది. ఇక కెమెరా పరీక్ష ఒకటి మిగిలింది, అదీ బాగుంటే ఆపరేషన్‌కు తారీఖు చూద్దామంది.

ఆ రిపోర్టు కాగితం ఇంట్లోకి వచ్చాక ఇంటి రూపమే మారిపోయింది. శివకృష్ణ గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. గడ్డం గీయించుకున్నాడు. సదానందం వెంట కార్ఖానా గేటు దాకా పోయి, తోటివాళ్లతో మాట్లాడి వచ్చాడు. దీపావళి సెలవుల తర్వాత పనిలోకి తీసుకుంటావా అని సేఠ్‌ను అడిగి మరీ వచ్చాడట.

"అవ్వా, నీది పెట్టినంక నేను గూడ నీ లెక్క పొద్దుగాల్నే లేచి అందర్ని తిడుతనేమో" అన్నాడు. ఎన్నాళ్లకో ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వారు.

తాము కలిపిన సంగతి అత్తాకోడళ్లిద్దరూ మరిచిపోయారు. దాచిపెట్టడం కాదు, నిజంగానే మరిచిపోయారు. కాగితం మీద బాగున్నాయని అచ్చయి వచ్చాక, అవి బాగున్నాయనే నమ్మారు. బాలవ్వ ఇప్పుడు గంటగంటకూ నీళ్లు తాగేది, కడుపుతో ఉన్న కూతురికి తినిపించినట్టు. ఏ పక్కది తీస్తారో తెలియదు కాబట్టి స్నానం చేసేటప్పుడు నడుము రెండు వైపులా నిమురుకునేది. వాడి ఒంట్లోకి పోయినాక మంచిగా పనిచేయమని దానికి మెల్లగా బుద్ధులు కూడా చెప్పేది.

కెమెరా పరీక్షలో నరానికి ఏదో మందెక్కించి బల్ల మీద పడుకోబెట్టారు. ఆ మందును ఒక్కో మూత్రపిండం ఎంత వేగంగా బయటికి తోస్తోందో పైనున్న కెమెరా చూస్తుందట. నొప్పీ లేదు, ఏమీ లేదు. బాలవ్వ చేతులు కట్టుకుని, తెలిసిన దేవుళ్లందరినీ వరుసగా తలుచుకుంటూ పడుకుంది.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ అత్తాకోడళ్లిద్దరినీ లోపలికి పిలిచి తలుపు వేయించింది. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. డబ్బా లెక్క ఒకటి చెబుతోంది, కెమెరా ఇంకొకటి చెబుతోంది, రెండూ నిజం కావడానికి వీల్లేదంది. కెమెరా లెక్కన బాలవ్వవి రెండూ కలిసి కూడా చేయాల్సిన పనిలో సగమే చేస్తున్నాయి. ఎడమది ఎండు ఖర్జూరంలా ముడుచుకుపోయింది. డబ్బాలో ఏమైనా కలిపారా అని అడిగింది. నీళ్లు కలిపినంత మాత్రాన లెక్క మారదని, తాము కొలిచేది నీళ్లను కాదని, ఆ నీళ్లలో ఎంత చెత్త దిగిందో దాన్నని చెప్పింది. ఈ లెక్క చూస్తే రెండు ఒళ్ల చెత్త దిగినట్టుంది అంది.

బాలవ్వ తల వంచుకుంది. ప్రసన్నే గుజరాతీలో జరిగినదంతా చెప్పింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది బాలవ్వకు. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఎందుకు పాడయ్యాయో కచ్చితంగా చెప్పలేమంది. బీపీ ఎన్నేళ్లుగా ఉందో ఎవరూ చూడలేదు. మాటిమాటికీ వచ్చిన ఆ మంట గొట్టాల వెంట పైదాకా ఎక్కి ఉండొచ్చు. నొప్పుల గోలీలూ ఒక చెయ్యి వేసి ఉండొచ్చు. ఇక నుంచి బాలవ్వ కూడా మందులు వాడుతూ పరీక్షలకు రావాలి. ఒకటి తీస్తే మాత్రం తల్లీకొడుకులిద్దరూ మిషన్ మీదికే వస్తారు.

బాలవ్వ తలెత్తి, హిందీ రాక కాదు, ఆ మాట వేరే భాషలో నోటికి రాక, తెలుగులోనే అనేసింది.

"రెండు కలిపి సగం పనిచేస్తయంటున్నవు గద. రెండు తీసి వానికే పెట్టు తల్లీ. నాకెందుకవి?"

ప్రసన్న ఆ మాటను గుజరాతీలోకి మార్చి చెప్పలేకపోయింది. చెప్పకపోయినా డాక్టరమ్మకు అర్థమైనట్టే ఉంది. లేచి వచ్చి బాలవ్వ భుజం మీద చెయ్యి వేసి, అట్లా ఎవరూ చేయరంది. చనిపోయినవాళ్లవి దానమిస్తే వచ్చే వరుసలో శివకృష్ణ పేరు రాయిస్తానంది. ఆ వరుస ఎంత పొడుగో అడిగితే మాత్రం చెప్పలేదు.

కింద మిషన్ గదిలో శివకృష్ణ వీళ్ల కోసమే చూస్తున్నాడు. ఎడమ చేతికి రెండు గొట్టాలు, ఒకదాంట్లో నెత్తురు పోతోంది, ఒకదాంట్లో వస్తోంది. ఆ చెయ్యి కదపకూడదు. తలుపు దగ్గర వీళ్లు కనపడగానే తల పైకెత్తాడు.

"ఏమన్నరు? తారీఖు చెప్పిన్రా?"

"నాకు వయసెక్కువైందంట బిడ్డా. వద్దన్నరు" అంది బాలవ్వ. మెట్లు దిగుతూ కూడబలుక్కున్న అబద్ధం అది.

"మొన్న మంచిగున్నయన్నరు గద. వయసు మొన్న తెల్వదా వాళ్లకు?"

దీనికి జవాబు కూడబలుక్కోలేదు వాళ్లు. బాలవ్వ కోడలి వైపు చూసింది. ప్రసన్న గొట్టాల వైపు చూస్తూ చెప్పింది.

"అండ్ల నాది గూడ కలిసింది. డబ్బా నిండుతలేదని అత్తమ్మ అడిగితే, నేనే పోసిన."

అతను ఒకసారి పెళ్లాం మొహం, ఒకసారి తల్లి మొహం చూశాడు. తర్వాత నవ్వు మొదలైంది.

"ఇద్దరిది ఒక్క డబ్బల? అతుకు తాకా తోలిన్రా డాక్టరమ్మకు?" అంటూ నవ్వాడు. పక్క మంచాల మీదివాళ్లు తలలు తిప్పి చూసేంతగా, భుజాలు అదిరేంతగా నవ్వాడు. ఆ నవ్వు చూసి బాలవ్వకు కూడా పెదవులు విచ్చుకున్నాయి. కొడుకు కోప్పడలేదు, అదే చాలనుకుంది.

అంతలో అతని నవ్వు ఆగిపోయింది.

"అవ్వా," అన్నాడు, "నీది ఎందుకు నిండలే?"

బాలవ్వ మొహం పక్కకు తిప్పుకుంది. అతను లేవబోయాడు. చెయ్యి వంగి, మిషన్ కీచుమని మోగింది. నర్సు పరుగున వచ్చి, చెయ్యి తిన్నగా పెట్టమని గుజరాతీలో గదిమి, మిషన్ మోత ఆపి పోయింది. శివకృష్ణ మళ్లీ వెనక్కి వాలాడు. కళ్లలోంచి కారుతున్నదాన్ని తుడుచుకోవాలని కూడా అతనికి తోచలేదు. బాలవ్వే కొంగుతో తుడిచింది. తుడుస్తుంటే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రేపు నీకెవరిస్తరే?" అన్నాడు.

నాకేమైతది అనబోయింది బాలవ్వ. మిషన్ ఇంకా చాలాసేపు తిరగాల్సి ఉంది. ప్రసన్న అటువైపుకు పోయి, గొట్టాలున్న చెయ్యి మళ్లీ కదలకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడింది.